ఆలయానికి ముందు ఆరామం



జీర్ణోద్ధరణ పూర్తయి ప్రతిష్ఠా మహోత్సవం జరుపుకుంటున్న ఆలయంలో అడుగుపెట్టిన వారి చూపు మొదట విమానశిఖరం మీదికీ, కలశం మీదికీ, ధ్వజస్తంభం మీదికీ పోవడం సహజం. రాతిపలకల మీద చెక్కిన దాతల పేర్లను కూడా మనం శ్రద్ధగా చదువుతాం. అయితే శిఖరం లేని అంగం ఒకటి ఆలయానికి ఉన్నది. దాని మీద పేరు చెక్కించుకోవడానికి రాయి కూడా ఉండదు. అదే పూలతోట. మన పూర్వులు దానిని నందనవనమన్నారు, పుష్పవాటిక అన్నారు, ఆరామమన్నారు. ఉద్యానాలు యుగయుగాలుగా ఎలా వర్ధిల్లాయో, దేవాలయంతో వాటికి గల అనుబంధమేమిటో, గోదావరి పాయల నడుమ తోటల నీడలో పుట్టి పెరిగిన మనకు ఆ చరిత్ర ఎంత దగ్గరిదో ఈ నాలుగు పుటలలో మనవి చేసుకుంటాను.

పూవు రాలిన చోటు

అత్రి మహర్షి పేరును తలపించే మన ఆత్రేయపురం మండలంలోనే ర్యాలి గ్రామం ఉన్నది. అక్కడి జగన్మోహినీ కేశవస్వామి స్థలపురాణం మీలో చాలామందికి తెలిసినదే. అమృతం పంచిన మోహినిని శివుడు అనుసరించి రాగా ఆమె కొప్పులోని పూవొకటి ఇక్కడ రాలిందని, శివుడు దానిని ఆఘ్రాణించగానే ఎదుట శ్రీహరి సాక్షాత్కరించాడని పెద్దలు చెబుతారు. పూవు 'రాలిన' చోటు కనుక ర్యాలి అయినదట. వేటకు వచ్చిన రాజు ఇక్కడ పొన్నచెట్టు నీడన నిద్రించగా స్వామి కలలో కనబడ్డాడనీ, రథాన్ని లాగించుకుపోతుండగా దాని శీల రాలిన చోట త్రవ్విస్తే విగ్రహం లభించిందనీ మరొక గాథ. ముందు కేశవుడు, వెనుక జగన్మోహిని ఒకే శిలలో కొలువైన ఆ క్షేత్రానికి ఏ కథ చెప్పినా అందులో ఒక పూవో చెట్టో ఉండనే ఉన్నది.

మన మండలంలోనే గౌతమీ తీరాన వెలసిన వాడపల్లి వేంకటేశ్వరస్వామి ఎర్రచందనపు కొయ్యలో కొలువైన దేవుడు. ఏడు శనివారాలు నోముకొని వచ్చే భక్తులు అక్కడ నమస్కరించేది ఒక వృక్షపు దేహంలో వెలసిన మూర్తికే. వృక్షమూ పుష్పమూ మన సీమలో దేవుని కథలోనే చేరిపోయాయి.

ముందు నీరు, తోట, తరువాత గుడి

ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఆలయ లక్షణాలను వివరించే అధ్యాయాన్ని ఎలా ప్రారంభించాడో గమనించండి. గుడి కట్టదలచినవాడు మొదట సమృద్ధిగా జలాశయాలను ఏర్పరచి, తోటలు వేసి, ఆ తరువాత దేవాలయం నిర్మించాలని ఆయన నిర్దేశించాడు. నీరూ తోటలూ ఉన్న చోట దేవతలు సన్నిధి చేస్తారని ఆయన చెప్పిన కారణం. గోడల కొలతలు, ద్వారాల కొలతలు దీని తరువాతనే వస్తాయి. అదే గ్రంథంలో వృక్షాయుర్వేదానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమున్నది. ఉద్యానంలో ముందుగా నాటవలసిన మంగళకరమైన చెట్లలో అశోకం, పున్నాగం, దిరిసెనం మొదలైనవాటిని పేర్కొని, చెట్టుకూ చెట్టుకూ నడుమ ఇరవై మూరల ఎడం ఉత్తమం, పదహారు మధ్యమం, పన్నెండు అధమం అని కూడా వరాహమిహిరుడు లెక్క కట్టాడు. ఆ పున్నాగమే మన పొన్న.

మన తెలుగువారికి సప్తసంతానమనే భావన చిరపరిచితం. పుత్రుడు, తటాకం, కావ్యం, ధననిక్షేపం, దేవాలయం, వనం, అగ్రహారం అనే ఏడూ మనిషి పేరును నిలిపే సంతానాలని పూర్వులు ఎంచారు. వీటిలో దేవాలయమూ వనమూ రెండూ ఉండడం విశేషం. గుడి కట్టించిన రాజుకు ఎంత కీర్తో తోట వేయించిన గృహస్థుకు కూడా అంత కీర్తి అని దీని భావం.

మరొక మాట చూడండి. సంస్కృతంలో 'ఆరామం' అంటే ఉద్యానం. మన పంచారామాలైన అమరావతి, ద్రాక్షారామం, సామర్లకోటలోని కుమారారామం, భీమవరం గునుపూడిలోని సోమారామం, పాలకొల్లులోని క్షీరారామం తమ పేర్లలో ఆ మాటను నేటికీ మోస్తున్నాయి. శివలింగాన్ని దర్శించడానికి మనం ద్రాక్షారామం వెళుతున్నామని అన్న ప్రతిసారీ తెలిసో తెలియకో ఒక తోటను స్మరిస్తున్నాం.

బంగారం పరచి కొన్న తోట

భారతదేశపు కథలలో ఉద్యానం ఎంత పాతదో చెప్పనక్కరలేదు. సీతమ్మ శోకానికి సాక్షి అశోకవనం. ఆమె జాడ తెలిసిన వానరుల ఆనందానికి సాక్షి మధువనం. గౌతమ బుద్ధుడు పుట్టినది లుంబినీవనంలో. మగధరాజు బింబిసారుడు ఆయనకు సమర్పించినది వేణువనం. శ్రావస్తి నగరపు వర్తకుడు అనాథపిండికుడి కథ దాతలందరూ తెలుసుకోదగినది. బుద్ధునికీ భిక్షువులకూ నివాసంగా జేతరాకుమారుని తోటను కొనదలచగా, నేలంతా నాణేలు పరిస్తే తప్ప ఇవ్వనని రాకుమారుడు అన్నాడట. వర్తకుడు వెనుదీయక బండ్లతో బంగారు నాణేలు తెప్పించి నేల మీద పరిపించాడు. ఆ దృశ్యాన్ని క్రీస్తుపూర్వపు భర్హుత్ శిల్పులు చెట్లతో, బండితో, నాణేలు పరిచే మనుషులతో సహా రాతిలో చెక్కారు. భిక్షువుల నివాసాలకు ఆరామాలన్న పేరు స్థిరపడడానికి ఇట్టి తోటల దానాలే మూలం. మన కోనసీమలో మామిడికుదురు సమీపాన ఆదుర్రులో బయల్పడిన బౌద్ధస్తూపం ఆ సంప్రదాయం గోదావరి ముఖద్వారం దాకా వ్యాపించిందనడానికి నిదర్శనం.

చెట్లు నాటడం ప్రభువు ధర్మమని తెలుగునేల మీద లిఖితమైన అతి ప్రాచీన సాక్ష్యం కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నది. అక్కడి బండల మీద క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలో అశోకచక్రవర్తి చెక్కించిన శాసనాలలో ఒకటి, మనుషులకూ పశువులకూ పనికివచ్చే ఓషధులు లేని చోటికి తెప్పించి నాటించడం గురించీ, బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించడం గురించీ చెబుతుంది.

ఇక మన గోదావరి తల్లి పుట్టినింటి వద్ద, నాసిక్ గుహలలో, శకరాజు నహపానుని అల్లుడు ఉషవదాతుని శాసనాలున్నాయి. రెండువేల సంవత్సరాలకు కాస్త తక్కువ కాలం నాటివి. వాటిలో ఒకదానిలో అతడు భిక్షుసంఘానికి 8,000 కొబ్బరిచెట్లను దానమిచ్చినట్లు ఉన్నది. ఆ చెట్లు పడమటి కోస్తా గ్రామంలోనివి. గోదావరి జన్మస్థానంలో కొబ్బరితోట దానం శిలాక్షరమైతే, ఆ నది సముద్రంలో కలిసే చోట కొబ్బరితోటలే ప్రజల జీవనాధారం కావడం ఎంత చక్కని పొందిక!

భగవంతుని తోటమాలులు

ఉద్యానానికి నేల, నీరు చాలవు. చేయి కావాలి. ఆ చేతులను మన భక్తి సంప్రదాయం ఎంత గౌరవించిందో చూడండి.

శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు వటపత్రశాయికి తులసిమాలలు కట్టడమే జీవితంగా బ్రతికిన భక్తుడు. గోదాదేవి ఆయనకు లభించినది తోటలో తులసి పాదు వద్దనే. ఆ తల్లి తాను ముడిచి విడిచిన మాలను స్వామి కోరిన కథను శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దిలో ఆముక్తమాల్యదగా తెలుగువారికి అనుగ్రహించాడు. దిగ్విజయాలు చేసిన చక్రవర్తి తన కావ్యానికి ఎన్నుకొన్న ఇల్లు ఒక పూలతోట యజమానిది. శ్రీరంగంలో పూదోట పెంచి రంగనాథునికి మాలలర్పించిన విప్రనారాయణుని కథ సారంగు తమ్మయ కావ్యం ద్వారా, 1954లో వచ్చిన చలనచిత్రం ద్వారా తెలుగునాట ఇంటింటికీ చేరింది.

తిరుమల కొండకు వైష్ణవులు పెట్టిన పేరు పుష్పమండపం. శ్రీరంగం భోగమండపం, కంచి త్యాగమండపం కాగా, ఏడుకొండలవాడు పుష్పప్రియుడు. ఆనాడు చలి, అడవి, ఏకాంతం తప్ప మరేమీ లేని ఆ కొండ మీద స్వామికి పుష్పకైంకర్యం చేసేందుకు ఎవరు వెళతారని రామానుజాచార్యులు సభలో అడుగగా, లేచి నిలిచినవాడు అనంతాళ్వారు ఒక్కడే. భార్యతో కలిసి ఆయన అక్కడ చెరువు త్రవ్వి తోట వేశాడు. నిండు గర్భిణి అయిన ఆ ఇల్లాలు మట్టి తట్టలు మోస్తుంటే ఒక బాలుడు వచ్చి సాయం పట్టాడని, తమ కైంకర్యంలో మరొకరు పాలుపంచుకోరాదన్న పట్టుదలతో అనంతాళ్వారు గునపం విసరగా అది బాలుని గడ్డానికి తగిలిందని, ఆ తరువాత గర్భాలయంలో స్వామి గడ్డాన రక్తం కనబడిందని ఐతిహ్యం. నేటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అలదడం, మహాద్వారం వద్ద గోడకు ఆ గునపాన్ని వ్రేలాడదీసి ఉంచడం మీరు చూసే ఉంటారు. బ్రహ్మోత్సవాలు ముగిసిన మరునాడు స్వామి అనంతాళ్వారు తోటకు వేంచేసే ఉత్సవాన్ని భాగ్ సవారి అంటారు. లోకమంతా దర్శనానికి బారులు తీరే దేవుడు తానే కదలి తన తోటమాలి ఇంటికి వెళ్లడం కన్నా గొప్ప సన్మానం ఏమున్నది? తోటపనిలో మట్టి మోసే చేతికి భగవంతుడు కూడా చేయందిస్తాడన్నది ఈ కథ మనకు మిగిల్చే మాట.

రాజోద్యానాలు, దూరదేశపు పూలు

దేవుని తోటలతోపాటు రాజుల తోటలూ వర్ధిల్లాయి. 1443లో విజయనగరం చూసిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడి వీధులలో గులాబీల అమ్మకాన్ని వర్ణించాడు. కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ నగరంలోని పండ్లతోటలను, వాటి నడుమ పారే కాలువలను చూసి ఆశ్చర్యపోయాడు. పారశీక సంప్రదాయంలో నీటికాలువలతో తోటను నాలుగు భాగాలుగా విభజించే చార్‌బాగ్ పద్ధతి మొగలాయిల ద్వారా మన దేశంలో విస్తరించింది. ఆగ్రాలోని తాజ్‌మహల్ ముందున్న తోట దానికి జగత్ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఇట్టి రాకపోకల వలన మన పూలసజ్జ ఎంత మారిందో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గుమ్మానికి తోరణంగా, స్వామి మెడలో దండగా, సంక్రాంతి గొబ్బెమ్మ తలపై అలంకారంగా మనం వాడే బంతిపూవు పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసుల రాక తరువాతనే అది మన నేలకు చేరింది. తమ దేశంలో పితృదేవతలను స్మరించే పండుగకు మెక్సికోవారు నేటికీ ఆ పూలనే పరుస్తారు. దండలలో లిల్లీ పేరిట కనబడే తెల్లని సువాసన పూవుదీ ఆ దేశమే. గుడి ప్రాంగణాలలో నేల రాల్చి మురిపించే దేవగన్నేరు మధ్య అమెరికాది. చామంతి చీనాదేశం నుండి వచ్చింది. గులాబీ పేరు పారశీకం. మల్లె, సంపెంగ, పొగడ, పారిజాతం, మొగలి, తామర, తులసి, మారేడు అనాదిగా మనతో ఉన్నవి. వచ్చిన పూవు కులగోత్రాలను భగవంతుడు అడగలేదు. భక్తితో సమర్పించిన ఆకునో పూవునో పండునో నీటినో స్వీకరిస్తానని గీతలో మాట ఇచ్చిన స్వామి, సముద్రాలు దాటి వచ్చిన బంతికి కూడా తన వక్షస్థలం మీద చోటిచ్చాడు.

మన గోదావరి తోటలు

మన జిల్లాల ఉద్యాన చరిత్రలో మరువరాని పేరు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడైన ఆయన 1781లో సామర్లకోట చేరి అక్కడ తోట వేసి, మిరియపు తీగ మొదలుకొని అనేక మొక్కలపై ప్రయోగాలు చేశాడు. మనదేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు. 1795 నుండి వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో తెలుగు పేర్లు కూడా చోటు చేసుకొన్నాయి. కుమారారామపు నేల మీద మరొక ఆరామం వెలసిందన్నమాట.

ఆ తరువాత 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ సీమ తలరాతను మార్చింది. సర్ ఆర్థర్ కాటన్ మహాశయుని ఆ నిర్మాణం వలన బొబ్బర్లంక నుండి బయలుదేరిన కాలువ మన లొల్ల లాకుల వద్ద చీలి కోనసీమ మూలమూలలకూ పాకింది. వరాహమిహిరుడు చెప్పిన క్రమం ఇక్కడ అక్షరాలా నెరవేరింది: ముందు నీరు వచ్చింది, నీటి వెంట తోట వచ్చింది. కొబ్బరి నీడన అరటి, పోక, తమలపాకు, కంద. గట్ల వెంట మామిడి, పనస. పెరటిలో మందారం, నందివర్ధనం. గౌతమికి ఆవలి ఒడ్డున కడియం, కడియపులంక గ్రామాలు నర్సరీలతో దేశమంతటికీ మొక్కలను పంపే కేంద్రాలైనాయి.

గుడి లేకుండా తోటే క్షేత్రమైన చోటు కూడా మన కోనసీమలో ఉన్నది. ఏటా కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల పదకొండు గ్రామాల శివుళ్లు ఏకాదశ రుద్రులుగా ప్రభలపై తరలివచ్చి ఆ కొబ్బరితోటలో కొలువు తీరుతారు. పచ్చని చేల మీదుగా, కాలువ నీళ్లలో దిగి, భుజాల మీద ప్రభలను మోసుకొచ్చే దృశ్యం చూసి తీరవలసినది. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో ప్రదర్శించిన ఆంధ్రప్రదేశ్ శకటం ఇతివృత్తం ఆ ప్రభల తీర్థమే. దేవుళ్లందరూ సమావేశం కావడానికి ఎంచుకొన్నది ఏ రాతి మండపమూ కాదు, ఒక తోట నీడ.

ఈ పచ్చదనం అయాచితంగా నిలిచినది కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద పోటెత్తి లంకలను ముంచింది. 1996 నవంబరు 6న విరుచుకుపడిన తుఫాను వందలాది ప్రాణాలను బలిగొని, కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. నాటిన దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఓపిక పట్టాలి. తాము కళ్లారా పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో కూలినా, ఆ గుంటలలోనే మళ్లీ మొక్క నాటిన రైతుల పట్టుదల ఫలితమే ఈనాడు మనం చూసే తోట. కూలిన గుడిని నిలబెట్టడం జీర్ణోద్ధరణ అయితే, కూలిన తోటను నిలబెట్టడమూ జీర్ణోద్ధరణే.

దాతలకు ఒక విన్నపం

ఇంత చరిత్ర చెప్పిన తరువాత నేటి స్థితిని గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పునర్నిర్మాణాలలో చాలా చోట్ల మొదట బలి అయ్యేది తోటే. మండపం విస్తరించాలన్నా, వాహనాలకు చోటు చేయాలన్నా, ప్రాకారమంతా నున్నని రాయి పరచాలన్నా ముందుగా పొగడచెట్టు పోతుంది, తరువాత మారేడు పోతుంది. మిగిలినవి కుండీలు. స్వామికి పూలు మాత్రం తెల్లవారుజామున బజారు నుండి వస్తాయి. డబ్బిస్తే పూవు దొరుకుతున్న మాట నిజమే. కానీ తెల్లవారి లేచి, స్నానమాడి, నోట నామస్మరణతో కోసిన పూవును మాలకట్టే కైంకర్యం మన ఆలయాలలో కనుమరుగవుతున్నది. వేసవి మిట్టమధ్యాహ్నం ప్రదక్షిణ చేసే భక్తుల పాదాలు మండుతున్నాయి. వాననీరు ఇంకే చోటు లేక ప్రాకారంలోనే నిలుస్తున్నది.

పూర్వులు తోటను ఇచ్చి ఊరుకోలేదు. తోట పెంచేవారికీ, దండలు కట్టేవారికీ మాన్యాలు ఏర్పరచారు. రాయి ఒకసారి నిలిపితే తరతరాలు నిలుస్తుంది. తోటకు ఈ పూట నీరు పోయకపోతే రేపటికి వాడిపోతుంది. కనుక తోటదానం ఒక్కసారితో పూర్తయ్యే దానం కాదు. మొక్కలతోపాటు వాటిని సాకే మనిషి జీతానికి కూడా శాశ్వతనిధి ఏర్పడినప్పుడే అది నిజమైన నందనవనం అవుతుంది. శిలాఫలకం మీద పేరు కోరే దాత ఒక్క సెంటు నేలకైనా ఈ విధంగా పోషకుడైతే, ఆ పేరును ప్రతిదినమూ స్వామి పాదాల వద్ద ఒక పూవు చదువుతుంది.

ఏమి నాటాలన్న సందేహం అక్కరలేదు. శివునికి మారేడు, తుమ్మి, గన్నేరు; విష్ణువుకు తులసి; అమ్మవారికి మందారం; వినాయకునికి గరిక. ఏడాది పొడవునా పూచేందుకు నందివర్ధనం, నూరువరహాలు, వేసవికి మల్లె, వానలకు జాజి, శరత్తుకు పారిజాతం, శీతకాలానికి చామంతి, బంతి. నీడకు పొగడ, పొన్న. ఇవన్నీ గౌతమి దాటి కడియం వెళితే దొరికేవే. నిర్మాల్యాన్ని కాలువలో కలపకుండా ఒక గుంటలో వేసి ఎరువు చేస్తే, స్వామికి అర్పించిన పూవే మరుసటి పూవుకు ఆహారమవుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానం వారు 2021 నుండి వాడిన పూలతో అగరువత్తులు తయారు చేయిస్తున్నారు. చిన్న గుడికి అంత ఏర్పాటు అవసరం లేదు. ఒక గుంట, ఒక పార, ఒక శ్రద్ధగల మనిషి చాలు.

కుంభాభిషేక జలం శిఖరం మీది నుండి జాలువారి నేలకు చేరుతుంది. అది చేరే చోట రాయికి బదులు మట్టి ఉంటే, ఆ మట్టిలో ఒక తులసి మొక్క ఉంటే, ఉత్సవం ముగిసిన తరువాత కూడా అభిషేక ఫలం పచ్చగా నిలుస్తుంది. మనుమలు ఈ గుడికి వచ్చిన నాడు వారికి నీడనివ్వవలసిన పొగడచెట్టును మనమే ఈ సంవత్సరం నాటాలి. ఆ సద్బుద్ధిని, అందుకు తగిన శక్తిని భగవంతుడు మనందరికీ ప్రసాదించుగాక.

స్వస్తి.